తాతల నాటి చిట్టా పుస్తకాలు చదివి అప్పటి రోజువారీ బతుకు తెలుసుకోవచ్చా?

ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పుకుందాం. చెన్నై ముత్యాలపేటలో మీ పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద ట్రంకుపెట్టె దొరికింది. అందులో ఇంటి ఖర్చుల చిట్టాలు, ఉత్తరాల కట్ట, నాలుగైదు పాత పంచాంగాలు, ఒక దస్తావేజు ఉన్నాయి. ఒక చిట్టా అట్ట మీద ‘శ్రీముఖ నామ సంవత్సరం’ అని రాసి ఉంది. వీటిని చదివి ఆ రోజుల్లో మీవాళ్లు ఎలా బతికారో తెలుసుకోగలరా, లేక ముందు చరిత్ర పుస్తకాలు చదవాలా అని అడిగారు.

తెలుసుకోగలరు. చరిత్ర పుస్తకాల కోసం ఆగనక్కరలేదు. ముందు చిట్టా తీయండి, ఉత్తరాలు తర్వాత చూడండి. ఒక్క సంవత్సరం చిట్టాను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా, ఒక్క పద్దు కూడా వదలకుండా చదవండి. ఆసక్తికరంగా కనిపించినవి ఏరుకుని చదివితే మీకు కబుర్లు దొరుకుతాయి గానీ బతుకు దొరకదు.

పాత కాగితాలు చదవడం, వాటికి జాబితాలు తయారుచేయడం చాలా ఏళ్లుగా నా పని. ఈ ఊళ్లో తెలుగు ఇళ్ల అటకల మీద ఉన్నన్ని చిట్టాలు మరే రకం కాగితాలూ లేవు. వాటినే జనం ముందుగా పాత పేపర్లవాడికి వేసేస్తారు. తాతగారు ఎవరో పెద్దమనిషికి రాసిన ఉత్తరాన్ని పటం కట్టించుకుంటారు, ఆయన పాలవాడి లెక్క రాసిన పుస్తకాన్ని తూకానికి అమ్ముతారు. నాకు ఇది చూసినప్పుడల్లా బాధ కలుగుతుంది. ఉత్తరం రాసేవాడికి ఎదుట ఒక మనిషి ఉంటాడు, ఆ మనిషి దగ్గర తన మర్యాద చూసుకుంటాడు. చిట్టా రాసేవాడికి రాత్రి పడుకునే ముందు నిల్వ సరిపోతే చాలు. ఎవరినో నమ్మించాలని రాసింది కాదు కాబట్టే దాన్ని అంతగా నమ్మవచ్చు.

ముందు కాలం తేల్చుకోండి. సంవత్సరాల పేర్లు అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తాయి. శ్రీముఖ అంటే 1873-74 కావచ్చు, 1933-34 కావచ్చు, 1993-94 కూడా కావచ్చు. అట్ట మీద పేరు చూసి తేల్చకండి, లోపలి పద్దులు చూడండి. ట్రాం ఖర్చు కనిపించిందా? మద్రాసులో విద్యుత్ ట్రాములు 1895లో మొదలై 1953లో ఆగిపోయాయి. అంటే మీ చిట్టా 1933-34ది. లెక్క రూపాయలు, అణాలు, పైసల్లో ఉంటే అది 1957 ఏప్రిల్‌కు ముందుది, ఆ నెలలోనే దశాంశ నాణేలు వచ్చాయి. వరహాలు, రూకలు కనిపిస్తే ఇంకా చాలా వెనక్కి వెళ్లాలి. 1818లో కుంపిణీ (ఈస్టిండియా కంపెనీ) ప్రభుత్వం మూడున్నర రూపాయలకు ఒక వరహా లెక్కన మార్చి రూపాయినే ప్రమాణంగా పెట్టింది.

ఇక్కడి తెలుగు ఇళ్లలో ఇంకో చిక్కు ఉంది. పండుగలకు చాంద్రమానం, వ్యవహారానికి చుట్టుపక్కల తమిళుల సౌరమానం వాడిన ఇళ్లు ఎన్నో. సంవత్సరం పేరు రెండింటిలోనూ ఒకటే, కానీ ఒకటి ఉగాదికి మారితే రెండోది ఏప్రిల్ మధ్యలో మారుతుంది. ఆ మధ్య రోజుల పద్దు ఏ సంవత్సరానిదో తిథిని, వారాన్ని సరిచూసుకుని తేల్చండి. కొందరు కొత్త పుస్తకాన్ని ఉగాదికి, కొందరు విజయదశమికి తెరిచేవారు. ఊళ్లో పొలం కాగితాలుంటే వాటిలో ఫసలీ, అంటే శిస్తు లెక్కల సంవత్సరం, ఉంటుంది. దానికి 590 కలపండి. ఫసలీ 1343 అంటే 1933 జూలై ఒకటి నుంచి 1934 జూన్ ఆఖరు వరకు.

కొలతలు కూడా ఇంతే. బియ్యం పడి లెక్కన రాసి ఉంటే అది పట్నం కొలత: ఎనిమిది ఆళాకులు ఒక పడి, ఎనిమిది పడులు ఒక మరకాలు. అదే పుస్తకంలో తూములు, పుట్లు కనిపిస్తే అవి సొంతూరి నుంచి వచ్చిన గింజలు. నూనె, చింతపండు, బెల్లం వీశెల్లో ఉంటాయి. వీశె అంటే ఇప్పటి లెక్కలో కిలో నాలుగు వందల గ్రాములు, ఎనిమిది వీశెలు ఒక మణుగు. ఒక్క ఇంట్లో రెండు రకాల కొలతలు సాగుతున్నాయంటేనే ఆ ఇంటివాళ్లు పట్నంలో ఉంటూ పల్లె గింజలు తింటున్నారని అర్థం. ఇది మీకు ఏ చరిత్ర పుస్తకమూ చెప్పదు.

ఇప్పుడు చదవడం ఎలాగో ఒక ఉదాహరణతో చెబుతాను. జార్జిటౌన్‌లో ఒక వర్తక కుటుంబం చిట్టాలో నేను చూసిన పేజీ ఇది. రూపాయలు, అణాలు, పైసలు వరసగా మూడు గడుల్లో ఉంటాయి. అణాకు పన్నెండు పైసలు.

పాలు 0-3-0
తమలపాకులు, వక్కలు 0-0-9
ఇత్తడి గిన్నెలకు కళాయి 0-6-0
ట్రాం, మైలాపూరు వెళ్లి రావడం 0-3-0
చిన్నమ్మాయి మందు 0-4-0

విడిగా చూస్తే ఇందులో ఏమీ లేదు. పేజీలు తిప్పుతూ వెళ్లాను. రెండు రోజుల తర్వాత మళ్లీ ‘చిన్నమ్మాయి మందు’. మర్నాడు ‘జట్కా బాడుగ, ఆస్పత్రికి’. ఆ తర్వాత ‘బార్లీ గింజలు’. పాల పద్దు మూడు అణాల నుంచి రెండుకు దిగింది, అంటే పిల్లకు పాలు మాన్పించారు. తమలపాకుల పద్దు కొన్నాళ్లు అసలు లేదు. మధ్యలో ‘తిరుపతి ముడుపు 1-0-0’ అని ఒక్క గీత. ఒక రోజు బార్లీ ఆగిపోయింది, రెండు రోజులకు పాలు మళ్లీ మూడు అణాలకు వచ్చాయి, వెనకే తమలపాకులు కూడా. పిల్లకు జ్వరం తగ్గింది! ఆ పుస్తకంలో ఎక్కడా ‘జ్వరం’ అనే మాట లేదు, భయపడ్డామని లేదు. ఆ రూపాయి ముడుపు కట్టిన రోజు రాత్రి ఆ ఇల్లు ఎలా ఉండి ఉంటుందో ఇంతకన్నా బాగా ఏ స్వీయచరిత్ర చెబుతుంది?

కాబట్టి రోజూ కనిపించే పద్దు ఏదో ముందు గుర్తుపట్టండి. అది ఎప్పుడు తగ్గింది, ఎప్పుడు పెరిగింది, ఎప్పుడు ఆగింది అన్నదే అసలు కథ. ఇందుకే మొత్తం చదవమన్నాను.

చాలాకాలం కనబడక ఒక్కసారిగా పెద్ద మొత్తంగా వచ్చే పద్దులు ఇంకో రకం. ఆ ఇంట్లోనే ఏటా దీపావళికి ముందు సరుగుడు కట్టెలు బండ్ల లెక్కన కొన్నారు, మళ్లీ నెలల తరబడి కట్టెల ఊసే లేదు. మద్రాసుకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పడతాయి. తడిసిన కట్టె మండదు, ఉన్నదాని ధర పెరుగుతుంది. ఈ ఊరికి సరుగుడు కట్టెలు బకింగ్‌హామ్ కాలువ మీద పడవల్లో వచ్చేవి. కట్టెల పద్దు కిందే ‘కొట్టిన కూలి’, ‘పెరట్లో పేర్చిన కూలి’ అని ఉన్నాయి. దాన్నిబట్టి ఆ ఇంటి పెరటిలో చాలా భాగం ఏడాదిలో సగం రోజులు కట్టెలదేనని తెలుస్తుంది. పాలవాడికి పేరుంది, చాకలికి పేరుంది. కట్టెలు కొట్టిన మనిషికి లేదు, కూలి మాత్రమే ఉంది. దీన్ని కూడా రాసిపెట్టుకోండి, మళ్లీ ఈ మాటకు వస్తాను.

ధరల దగ్గర అందరూ జారే చోటు ఒకటుంది. మీ శ్రీముఖ చిట్టా 1933-34ది అనుకుందాం. అందులో బియ్యం ధర చూసి ‘ఎంత చవక రోజులో’ అని మురిసిపోకండి. అది ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం నడుస్తున్న కాలం. 1930 నుంచి ధాన్యం ధర పడిపోయింది. శిస్తు, అప్పు, వడ్డీ మాత్రం పడిపోలేదు. పట్నంలో నెలజీతం వచ్చే ఇంటికి ఆ చవక హాయి, పల్లెలో పండించినవాడికి అదే ఉరి. మీవాళ్లకు ఊళ్లో పొలం కూడా ఉంటే ఒకే పుస్తకంలో రెండూ కనిపిస్తాయి: ఖర్చు వైపు బియ్యం చవక, జమ వైపు కౌలు రాబడి సగం. ధరను ఒంటరిగా చదవకండి, అదే పుస్తకంలోని జీతం పక్కన పెట్టి చదవండి. వంటమనిషి నెలజీతానికి ఎన్ని పడుల బియ్యం వస్తాయో లెక్కకట్టండి. ఇప్పటి రూపాయల్లోకి మార్చడం కన్నా అది వెయ్యి రెట్లు పనికొస్తుంది.

ఆ ఏళ్ల చిట్టాల్లో జమ వైపు ‘గాజుల జత అమ్మిన బాపతు’ లాంటి పద్దు తగిలితే ఒక క్షణం ఆగండి. 1931 సెప్టెంబరులో బ్రిటన్ తన పౌనును బంగారంతో ముడిపెట్టే బంగారు ప్రమాణం వదిలేశాక ఇక్కడ బంగారం ధర పెరిగింది. దేశమంతటా కుటుంబాలు బంగారం అమ్ముకున్నాయి, అది ఓడల్లో బయటికి పోయింది. మీ ముత్తవ్వ గాజులు అందులో కలిసి ఉండవచ్చు. పెళ్లి ఖర్చుకో, పాత అప్పు తీర్చడానికో కూడా అమ్మి ఉండవచ్చు. ముందు వెనక పేజీల్లో వడ్డీ చెల్లింపులు, శుభలేఖల అచ్చు ఖర్చు లాంటివి ఉన్నాయేమో చూశాకే తేల్చండి.

ఇక ఉత్తరాలు. పోస్టుకార్డు మన దేశంలో 1879లో కాలణాకు మొదలైంది. కార్డును పోస్టుమాన్ చదువుతాడు, పక్కింటివాళ్లు చదువుతారు, చదువురాని ఇంట్లో ఎవరో ఒకరు పైకి చదివి వినిపిస్తారు. అందుకే కార్డులో అసలు సంగతి సూచనగానే ఉంటుంది. ‘ఉభయకుశలోపరి’ దాటి, దీవెనలు దాటి, చివర్లో స్థలం చాలక అంచున ఇరికించిన వాక్యాన్ని చదవండి. ‘ఆ విషయం మామయ్యతో మాట్లాడాను, ముఖతా చెబుతాను’ అంటే ఆ విషయమేమిటో ఆ నెల చిట్టాలో వెతకాలి.

ఉత్తరాల కట్టలో లేనివి కూడా గమనించండి. మన ఇళ్లలో అశుభవార్త వచ్చిన కార్డును ఇంట్లో ఉంచేవారు కాదు, చదివి చింపేసేవారు. అందుకని కట్ట విప్పి చూస్తే పెళ్లిళ్లు, పురుళ్లు, బారసాలలు కనిపిస్తాయి. చావులు కనిపించవు. ఆ కట్ట ఒక్కటే చదివినవాళ్లకు ఆ కాలంలో ఎవరూ పోలేదనిపిస్తుంది! చావులన్నీ చిట్టాలో ఉంటాయి. హఠాత్తుగా ఊరికి రైలు టికెట్లు, పదో రోజు ఖర్చులు, బ్రాహ్మణులకు దానాలు, తర్వాత ఏటా అదే తిథికి ఆబ్దికం. పంచాంగాలు పారేయకండి అని ఇందుకే బతిమాలుతున్నాను. వాటి అంచుల్లో పుట్టిన ఘడియలు, పోయిన తిథులు, అప్పు పత్రం రాసుకున్న తేదీలు గీకి ఉంటాయి.

మీ కట్టలో 1942 ఏప్రిల్, మే నెలల ఉత్తరాలుంటే వాటిని విడిగా జాగ్రత్తపెట్టండి. ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాను బాంబులు పడ్డాయి. ఆ నెలలో మద్రాసు సగం ఖాళీ అయింది. ఆ పెద్ద సంగతి ఎటూ పుస్తకాల్లో ఉంది. తాళం ఎవరికిచ్చి వెళ్లారు, ఆవును ఎవరింట్లో కట్టేశారు, ఊళ్లో అంతమందికి వంట ఎవరు చేశారు అన్నవి మీ కట్టలో తప్ప ఎక్కడా ఉండవు.

పేరులేని కూలిమనిషి దగ్గరికి వస్తానన్నాను. మీ పెట్టెలో ఉన్నది రాయగలిగినవాళ్ల బతుకు. ఆ ఇంట్లో ఆడవాళ్లు చేసిన చాకిరీకి పద్దు ఉండదు, దానికి ఎవరూ డబ్బివ్వలేదు కాబట్టి. పని మానేసి పుట్టింటికి వెళ్లినప్పుడు మాత్రం వంటమనిషి కూలి పద్దు పుడుతుంది, ఆ చాకిరీ విలువ అప్పుడు అంకెల్లో కనబడుతుంది. రాయలేనివాళ్ల మాట కావాలంటే ఇల్లు దాటి బయటికి వెళ్లాలి: అర్జీలు, కోర్టు వాఙ్మూలాలు, విచారణ నివేదికలు. మద్రాసు ప్రెసిడెన్సీలో శిస్తు వసూలుకు రైతులను హింసిస్తున్నారన్న ఫిర్యాదుల మీద ఒక కమిషన్ వేశారు, దాని నివేదిక 1855లో వచ్చింది. మనిషిని వంచి కట్టేసి ఎండలో నిలబెట్టే ‘అనందాళ్’, వేళ్లను చెక్కల మధ్య నొక్కే ‘కిట్టి’ వంటి శిక్షలు అందులో రికార్డుకెక్కాయి. శిస్తు కట్టే రోజు పల్లెలో ఎలా గడిచేదో కైఫియత్తుల్లో, అంటే ఊళ్ల చరిత్రలు రాసిన పాత కాగితాల్లో, దొరకదు, ఇక్కడ దొరుకుతుంది. అయితే అర్జీ భాష దాన్ని రాసిపెట్టిన రాయసగాడిది, వాఙ్మూలం భాష దాన్ని అనువదించిన దుబాసీది. మనిషి నోటి మాట ఇద్దరు ముగ్గురి చేతులు మారి కాగితం మీదికి వచ్చిందని మరిచిపోకూడదు.

అలాంటి దుబాసీల్లో ఒకరు మద్రాసు సుప్రీం కోర్టులో పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య గారు. ఆయన 1830 మే నెలలో ఈ ఊరి నుంచి దాదాపు వందమంది పరివారంతో కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చారు. దారిలో మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లై గారికి రాసి పంపిన సంగతులే ‘కాశీయాత్ర చరిత్ర’గా 1838లో అచ్చయ్యాయి. మీరు అడిగిన ‘చరిత్ర పుస్తకం’ ఒక్కటే చెప్పమంటే నేను ఇదే చెబుతాను, కానీ ఆయన ఆశ్చర్యాన్ని తిరగేసి చదవండి. ఏ మజిలీలో ఏ సామాను దొరుకుతుంది, దారి ఇసుకా రేగడా, ఏరు ఎలా దాటాలి అని ఆయన రాస్తూ పోతారు. మద్రాసులో అలవాటైనదాన్ని ఆయన ఎక్కడా వర్ణించరు, అది లేని చోటికి వెళ్లినప్పుడు రాస్తారు. హైదరాబాదులో జనం ఆయుధాలు పట్టుకుని తిరగడం ఆయన కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపించిందంటే, తన ఊరి వీధుల్లో అది మామూలు కాదన్నమాట. ఆయన ఆశ్చర్యపడిన చోటల్లా పక్కన మద్రాసు అని రాసుకుంటూ వెళ్లండి. 1830 నాటి చెన్నపట్నం మీ చేతికి వస్తుంది.

స్వీయచరిత్రల మీద మాత్రం కొంచెం జాగ్రత్త. వైద్యులు కె.ఎన్. కేసరి గారి ‘చిన్ననాటి ముచ్చట్లు’లో పాత మద్రాసు ఎంత ముచ్చటగా ఉంటుందో చెప్పలేను. చదవండి. కానీ జీవితంలో గెలిచిన మనిషి పెద్దతనంలో కూర్చుని రాసింది అది. ఆకలి కూడా అందులో తియ్యగా వినిపిస్తుంది. ఆ రోజు రాత్రి రాసిన పద్దులో ఆ తీపి ఉండదు.

దస్తావేజును చెక్కుబందీ కోసం చదవండి. తూర్పున ఎవరి ఇల్లు, పడమర ఎవరి కొట్టు, ఉత్తరాన ఏ సందు, బావిలో ఎవరెవరికి హక్కు అన్నవి అందులో ఉంటాయి. అదే వీధివి మూడు నాలుగు దస్తావేజులు దొరికితే వీధి పటం గీయవచ్చు.

పని మొదలుపెట్టే ముందు కొన్ని మాటలు. కాగితాలు పెట్టెలో ఏ వరసలో ఉన్నాయో ఆ వరసను చెదరగొట్టకండి, ఏ ఉత్తరం ఏ చిట్టాలో దూర్చి ఉందో అదీ సమాచారమే. ప్రతి పేజీకీ ముందు ఫోటో తీయండి. చిరిగినచోట సెల్లో టేపు వేయవద్దు, లామినేషన్ అసలే వద్దు, రెండూ కాగితాన్ని చంపేస్తాయి. అంకెలు వేయాలంటే మెత్తటి పెన్సిలుతో మూలన వేయండి. గొలుసుకట్టు రాత చదవలేకపోతే ముందు అంకెలను, నెలల పేర్లను పట్టుకోండి. రోజూ వచ్చే ‘పాలు’, ‘కూరలు’ అన్న మాటల్లో ఆ చేతి అక్షరాలు నేర్చుకుంటే మిగతావి వాటంతట అవే విప్పుకుంటాయి. తెలుగు అంకెలు ౧, ౨, ౩ ఉంటే భయపడకండి, ఒక పేజీ కూడికలు సరిచూస్తే వచ్చేస్తాయి. ‘వీసం’ అంటే పదహారో వంతు.

తాళపత్రాలు, పాత రాతప్రతులు చూడాలంటే కోట్టూర్పురంలో అణ్ణా శతజయంతి గ్రంథాలయంలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి వెళ్లండి. కుంపిణీ సర్వేయరు మెకంజీ సేకరించిన కైఫియత్తులు అక్కడే ఉన్నాయి. ప్రభుత్వ రికార్డులకు ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్. అయితే ముందు మీ చిట్టా పూర్తిచేసి వెళ్లండి. ఏం అడగాలో తెలియకుండా అక్కడికి వెళితే కట్టలు చూసి దిమ్మతిరుగుతుంది.

మీ ఇంట్లో ఎనభై దాటిన పెద్దవాళ్లు ఉన్నారని రాశారు. ఈ వారంలోనే వాళ్ల దగ్గర కూర్చోండి. ‘ఆ రోజులు ఎలా ఉండేవి’ అని అడగవద్దు, అందరూ చెప్పే మాటలే వస్తాయి. చిట్టాలోని ఒక్కొక్క పద్దు చదివి వినిపించండి. ‘పెద్దిల్లు వారికి చేబదులు’ అంటే ఎవరికి, ‘కొండిత్తోపు మనిషి’ ఎవరు, నెలనెలా రెండు రూపాయలు ఎందుకిచ్చారు అని అడగండి. చెప్పింది చెప్పినట్టు, ఏ తేదీన ఎవరు చెప్పారో సహా విడిగా ఇంకో పుస్తకంలో రాయండి, చిట్టా పేజీల మీద మాత్రం రాయకండి. శ్రీముఖ చిట్టాలో ఆశ్వయుజ, కార్తిక మాసాల పేజీల ఫోటోలు ఇక్కడ పెడితే చదవలేని పద్దులు నేను చదివి పెడతాను.